కుట్టుమిషన్ల డాక్టరు గారి వారం రోజులు

సోమవారం

నా శ్రీమతికి,

నీ పతిదేవుడు దీవించి రాయునది ఏమనగా, నేను క్షేమంగా చేరాను. అక్కడ నువ్వూ, ముందుగదిలో నీ కుట్టుకొట్టూ, నీ మిషనూ కులాసా అని తలుస్తాను.

ముందుగా ఒక చిన్న చేదువార్త చెప్పి పక్కన పెట్టేస్తాను. విమానం దిగీ దిగగానే నా ఫోను వాష్‌బేసిన్లో పడింది. నేను పడేశానని కాదు, అదే పడింది. అది ఆరేదాకా నాటకాలమ్మగారి కంప్యూటరే గతి. ఆవిడ పాపం దాన్లో మన అక్షరాలు వచ్చేట్టు చేసిపెట్టింది. మన భాష ఆవిడకి ఒక్క ముక్క రాదు కాబట్టి నిర్భయంగా రాసుకోవచ్చు. నువ్వు కూడా ఇంట్లో కంప్యూటరు తెరిచి జవాబు రాయి. పెళ్ళికి ముందే టైపు పరీక్ష ప్యాసయ్యానని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నావు కదా, ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

నాటకాలమ్మ ఎవరని అప్పుడే మొహం ముడుచుకోకు. అరవై దాటిన మనిషి. నాటకాల కంపెనీకి బట్టలు కుడుతుంది. నా బస వాళ్ళింట్లోనే. వాళ్ళింట్లో ఏ కుర్చీలో కూర్చోబోయినా ఒక రాజుగారి కోటు తీసి పక్కన పెట్టాలి. ఇంకొకాయన బస్సాయన. సిటీ బస్సు నడుపుతాడు, ఆరున్నర అడుగుల పొడవు, సెలవు దొరికితే పాత కుట్టుమిషన్లు పోగుచేస్తాడు. మూడేళ్ళుగా కంప్యూటర్లో తప్ప మొహాలు చూసుకోని మనుషులం! బయటికి రాగానే "డాక్టర్!" అని అరిచి కావిలించుకున్నారు. నా కళ్ళజోడు బస్సాయన జేబుకి చిక్కుకుంది.

డాక్టరేమిటి అంటావేమో. ఇక్కడ కాస్త వయసూ మర్యాదా ఉన్నవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారు. నీళ్ళ బిల్లుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు చేసినా నన్ను 'గారు' అన్నవాడు లేడు. ఇక్కడ చూడు!

ఇంకో వింత. వచ్చిన ఏడుగురూ ఒకేరకం తెల్ల చొక్కాలు వేసుకున్నారు. వీపు మీద ఏదో అచ్చేసి ఉంది. అర్థమేమిటని అడిగితే, "పాలు పొంగుతున్నాయి, తర్వాత చూద్దాం" అన్నారు. అని నావంక చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకో తెలియలేదు.

ఇట్లు,
నీ శ్రీవారు

తా.క. ఊరికే, జనరల్ నాలెడ్జి కోసం అడుగుతున్నా. ఒక మిషను చక్రం తిప్పితే కీచుకీచుమని ఏడుస్తోందనుకో, ఏం చెయ్యాలి?

మరో తా.క. విమానంలో ముడుచుకుని కూర్చుని నా కుడి మోకాలు కూడా పట్టేసింది. దానికేమిటి మార్గం?


మంగళవారం

ఏమండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. టైపు కొట్టి ముప్పై ఏళ్ళయింది, అక్షరం వెతుక్కునేసరికి అన్నం చల్లారిపోతోంది. తప్పులుంటే సర్దుకోండి.

ఫోను అదే పడిందా! కళ్ళజోడూ అదే చిక్కుకుంటుంది, గొడుగూ అదే బస్సులో ఉండిపోతుంది. మీకు దొరికిన వస్తువులన్నీ అలాంటివే, ఏం చేస్తాం.

మీరడిగిన రెండింటికీ మందు చెబుతాను, జాగ్రత్తగా చదవండి. మొదటిదానికి: వంటనూనె గోరువెచ్చగా చేసి బాగా పట్టించి, వేడినీళ్ళలో పిండిన గుడ్డ చుట్టి, పొద్దున్నదాకా కదపకుండా ఉంచండి. రెండోదానికి: మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి పదినిమిషాలు ఊరికే ఆడించండి, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి. రెండూ తెల్లారేసరికి దారిలోకొస్తాయి.

గదిలో ఒక్కటే మంచం, ఒక్కరికే చోటు అని నన్ను ఉండిపొమ్మన్నారు. సరే, పోనీ, ఆ ఒక్క మంచమైనా సుఖంగా ఉందా? స్వెట్టరు సంచీలో అడుగున పెట్టాను. అడుగున ఉన్నంత మాత్రాన లేదనుకోకండి.

విహారానికి వెళ్ళి కూడా మిషన్ల గురించి అడుగుతున్నారంటే నవ్వొచ్చింది. సంతోషం కూడా వేసింది. ఎందుకు వేసిందో మీరొచ్చాక చెబుతాను.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. పక్కింటి లైబ్రేరియనమ్మ ఈ ఉత్తరం ఎలా పంపాలో చూపించింది. ఆవిడ చదవలేదు. చదివినా ఏముంది ఇందులో, నూనె తప్ప.


బుధవారం

అపర ధన్వంతరి అయిన నా శ్రీమతికి,

నీ వైద్యం అద్భుతం! నువ్వు చెప్పినట్టే మొదటిదానికి, అంటే నాటకాలమ్మ మిషనుకి, వెచ్చటి వంటనూనె గిన్నెడు పట్టించి, వాళ్ళింట్లో రాణిగారి శాలువా వేడినీళ్ళలో పిండి చుట్టాను. పొద్దున్నే ఆవిడ వచ్చి చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. విప్పి తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. రెండోదానికి, అంటే నా మోకాలికి, మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి పదినిమిషాలు ఆడించాను. వాసన తప్ప పెద్ద తేడా లేదు. ఇంకో నాలుగు చుక్కలు వెయ్యనా?

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. నీ జవాబు రావడానికి ఒక పూట పడుతుంది కదా. అందుకని ఎవరు మిషన్ చూపించినా, చెవి ఆనించి విని, కళ్ళు మూసుకుని, "దీన్ని నా దగ్గర ఒక పూట ఉండనివ్వండి" అంటున్నాను. అది చూసి వీళ్ళు, డాక్టరు రోగితో ఒకే గదిలో ఉంటేగానీ మందు చెప్పడు అని ఊరంతా టముకు వేశారు. ఈవేళ పొద్దుట్నుంచి మిషన్లు దిగుతున్నాయి. మొత్తం పదకొండు. బల్లమీద మూడు, కిటికీ కింద మూడు, రెండో మంచం మీద నాలుగు, స్నానాల గదిలో ఒకటి. నేను పక్కమీదకి చేరాలంటే పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, ఒంటికాలి మీద వెళ్ళాలి. పట్టేసిన మోకాలితో!

అందుకని జనరల్ నాలెడ్జి కోసం మరికొన్ని. ఒకటి కరకరమంటోంది. ఒకటి టక్కుమని ఆగి, ఆలోచించి, మళ్ళీ టకటకమంటోంది. ఇంకోదాని చక్రం గిర్రున తిరుగుతుంది, సూది మాత్రం నాకేం సంబంధం అన్నట్టు కదలదు. మిగతా ఎనిమిదీ రేపు రాస్తాను.

ఇట్లు,
నీ శ్రీవారు

తా.క. ఆదివారం ఇక్కడ పెద్ద హాల్లో మా కంప్యూటర్ స్నేహితుల బృందం సభ. అరవైమంది వస్తారట. నాచేత ఏదో చేయిస్తారట. ఏదో అంటే ఏమిటో కనుక్కునే ధైర్యం లేక ఊరుకున్నాను.


గురువారం

శ్రీవారికి,

మొదట అత్యవసరం. ఆ మిషన్‌కి వంటనూనె పోశారా? అయ్యో నా కర్మ! ఈవేళ వెచ్చగా ఉంది కాబట్టి తిరిగింది. వారం తిరక్కుండా ఆ నూనె బంకై పట్టుకుంటుంది. ఆ తల్లి మిషన్ విప్పి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మంచి నూనె వెయ్యమనండి. ఈవేళే. మీరు ముట్టుకోకండి.

మొదటిది అంటే మీ మోకాలు! రెండోది మిషను! మీరు మిషన్ సంగతి ముందడిగారు నిజమే. కానీ నాకు ముందు గుర్తొచ్చేది మీ మోకాలే అని మీకు తట్టలేదూ?

రెండో మంచం మీద నాలుగు మిషన్లా? గదిలో ఒక్కటే మంచం అన్నారే?

అక్కడితో నాకు అనుమానం మొదలైంది. ముందుగదిలో ముగ్గురి జాకెట్లు పక్కన పడేసి, లైబ్రేరియనమ్మని పిలిచి, మీ బృందం ఎక్కడుందో కంప్యూటర్లో తీయించి, మన భాషలోకి మార్పించాను. మీ పేరుతో లోపలికెళ్ళే దారి తెరిచే ఉంది. చదివాను. పొద్దుట్నుంచి సాయంత్రందాకా చదివాను.

రెండువేలమంది! 'కుట్టుమిషన్ల డాక్టర్' అని మీ ఫొటో. ఎవరో మిషను కరకరమంటోందంటే, "ఆ ఇంట్లో గుడ్డపెట్టి తుడిచే దిక్కే లేదా? బాబిన్ కింద పీచు పేరుకుంది, తీసి పారెయ్యమను" అని జవాబు. అది నా మాట. నా తిట్టుతో సహా నా మాట. కింద నాలుగు వందలమంది ఆహా ఓహో. ఇంకొకచోట "పాలు పొంగుతున్నాయి, తర్వాత చూద్దాం" అని ఉంది. నేను వంటింట్లోకి పరిగెడుతూ అన్న ముక్క, అదీ ఎక్కించారా? దానికింద ఒకాయన, యంత్రాన్ని తొందరపెట్టకూడదనే లోతైన సూత్రమిది అని పేజీడు వ్యాఖ్యానం రాశాడు. వాళ్ళ చొక్కాల వీపుమీద ఊరేగుతున్నవి మన పాలు!

మీకు ఒక సంగతి చెబుతానన్నాను కదా, ఇప్పుడే చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళు నా మిషన్ మోత తలనొప్పి అన్న మనిషి, ఈ మూడేళ్ళుగా రోజూ సాయంత్రం నేను కూరలు తరుగుతుంటే స్టూలు లాక్కుని కూర్చుని, "మిషన్ ఇలా అంటే ఏమిటోయ్?" అని అడుగుతుంటే, రిటైరయ్యాక ఈయనకి నా పని మీద మనసు పడిందని మురిసిపోయాను. మా చెల్లెలికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. అదండీ నా సంతోషం. ఇప్పుడు దానికేం మొహం చూపించను?

ఇట్లు,
ముందుగది మనిషి

తా.క. కరకరకి పీచు తియ్యాలి. ఆగి ఆలోచించేదానికి సూది వంగింది, మార్చాలి. గిర్రున తిరిగేదానికి చక్రం మధ్య మర బిగించాలి. రోగులు మీకు రోగులు, నాకు కాదు. పాపం మిషన్లేం చేశాయి.


శుక్రవారం

నా ధర్మపత్నికి, అనేక నమస్కారాలతో,

అవును, నేను నీకు నమస్కారమే పెడుతున్నాను. దీవించే మొహం లేదు.

నాటకాలమ్మకి "రెండో విడత చికిత్స" అని చెప్పి మిషన్ కడిగించాను. ఆవిడ చాలాసేపు దగ్గింది.

నిన్ను మోసం చేద్దామని మొదలుపెట్టింది కాదోయ్. మొదటిరోజు ఎవరో అడిగారు. నువ్వు చెప్పావు. నేను ఎక్కించాను. ఏది మందో ఏది మాటో నాకు తెలియదు కాబట్టి ఒక్క ముక్క వదలకుండా ఎక్కించాను. ఆయన మిషన్ బాగుపడి, "థాంక్స్ డాక్టర్" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు రాలేదనీ, రాకుండానే బిల్లొచ్చిందనీ తిట్లు తిన్నవాణ్ణి. ఒక మనిషి థాంక్స్ అంటే కాదు బాబూ అని దిద్దబుద్ధి కాలేదు. మర్నాడు దిద్దుదామనుకున్నాను. మర్నాడు పదిమంది అన్నారు. ఆఫీసులో ఫైలు ఎవరు రాసినా సంతకం హెడ్ క్లర్కుది కదా, ఇదీ అంతే అని సర్ది చెప్పుకున్నాను. మంచం సంగతి అడక్కు. 'ఇద్దరూ రండి' అనే పిలిచారు. నువ్వొస్తే ఇక్కడ నేనేమవుతాను?

తిట్టు. వచ్చాక ఎన్ని రోజులైనా తిట్టు. కానీ ఈ ఒక్కసారికి కాపాడు. ఆదివారం వేదిక మీద బస్సాయన వాళ్ళమ్మ మిషన్ పెడతారట. నేను కళ్ళకి గంతలు కట్టుకుని, చప్పుడు విని, అందరి ముందూ దాని జబ్బు చెప్పాలట. ఈవేళ చాటుగా వెళ్ళి విన్నాను. మొదలుపెట్టగానే సన్నగా ఒక మూలుగు, వెంటనే ఒకే వరసన టకటకటకటక. ఎక్కడా తట్టుకోదు, ఎక్కడా ఏడవదు, ఆపితే ఠక్కున ఆగుతుంది. నాకేమీ దొరకలేదు. బస్సాయన మాత్రం "దీన్ని నీకంటే బాగా ఎవరూ పట్టలేరు" అని వీపు తట్టాడు. ఆ తట్టుడికి మోకాలు గుర్తే లేదు.

నువ్వు చెప్పకపోతే అరవైమందిలో నా పరువు గంగలో కలుస్తుంది. ఒక్క ముక్క రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక మోకాలు వంగదు గానీ.

ఇట్లు,
నీవాడు

తా.క. ఈ ఉత్తరం రాస్తుంటే స్నానాల గదిలో మిషన్ ఎవరూ తిప్పకుండానే టక్ అంది. దీనికి మందు అక్కర్లేదు, ధైర్యం కావాలి.


శనివారం

గౌరవనీయులైన డాక్టరు గారికి,

తమరి లేఖ అందినది.

ఆ మిషన్ సంగతి మీరు రాసిన రెండు వాక్యాలు చదవగానే తెలిసిపోయింది. చెప్పను.

వేదికెక్కి ఒకే మాట అనండి: "మూడేళ్ళుగా చెప్పింది నేను కాదు, మా ఆవిడ." పది సెకన్లు పట్టదు. అన్నారా, మనింటికి రండి, అన్నం వడ్డిస్తాను. అనలేదా, అప్పుడూ వడ్డిస్తాను, కానీ మళ్ళీ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంటే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
కుట్టుపని మనిషి

తా.క. హాళ్ళలో చలిగా ఉంటుంది. స్వెట్టరు వేసుకుని ఎక్కండి.


ఆదివారం

నా ఇంటావిడకి,

చెప్పేశాను. ఒట్టు, చెప్పేశాను. కానీ నా దరిద్రం చూడు, ఒక్కడూ నమ్మలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. హాలు నిండా తెల్లచొక్కాలు. నాటకాలమ్మ ఏదో నాటకంలో గుడ్డివాడి గంతలు తెచ్చి నా కళ్ళకి కట్టింది. బస్సాయన వాళ్ళమ్మ కూర్చుని మిషన్ తొక్కింది. టకటకటకటక. ఆపింది. అందరూ ఊపిరి బిగబట్టారు. నేను గంతలు విప్పి, "దీని జబ్బు నాకు తెలియదు" అన్నాను. "దీనిదే కాదు, ఏ మిషన్ జబ్బూ నాకు తెలియదు. ఈ మూడేళ్ళూ చెప్పింది మా ఆవిడ. తను చెప్పింది, నేను రాశాను, పేరు నేను పెట్టుకున్నాను" అన్నాను.

చప్పట్లు! అరవైమందీ లేచి నిలబడి చప్పట్లు! ఎంత వినయం అనుకున్నారు కాబోలు. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ చప్పట్లు. మూడోసారి గొంతు పెంచి, "అయ్యా, నేను నీళ్ళ బిల్లుల గుమాస్తాని" అన్నాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బస్సాయన నన్ను అమాంతం ఎత్తి హాలంతా తిప్పాడు. వీళ్ళతో ఎలా వేగేది? అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మారు, నిజం చెబితే మెచ్చుకుంటున్నారు.

నా వల్ల అయింది నేను చేశాను. నీ పేరు నీకు ఇప్పించలేకపోయాను. అది మాత్రం చాలా బాధగా ఉంది, నిజంగా.

ఇట్లు,
ఇంకా డాక్టరుగానే మిగిలిపోయిన నీవాడు

తా.క. ఆ మిషన్ జబ్బేమిటో ఎవరూ చెప్పలేదు. అడిగితే నవ్వుతున్నారు.


సోమవారం

ఏమండీ,

ప్రేమతో రాస్తున్నాను. అలా రాయడం అలవాటు లేక ఆ మాట రెండుసార్లు చెరిపి మళ్ళీ కొట్టాను.

మీరు చెప్పినట్టు నాకు తెలుసు. నేను చూశాను. హాల్లో జరుగుతున్నదంతా నాటకాలమ్మ కంప్యూటర్లో నాకు చూపించింది. కొట్టుకి వచ్చినవాళ్ళూ, లైబ్రేరియనమ్మా, నేనూ ముందుగదిలో కుర్చీలు వేసుకుని చూశాం. మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటుంది. "పేరు నేను పెట్టుకున్నాను" అన్నాక మీరు స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. నా కళ్ళూ ఆగలేదు.

ఇప్పుడు కూర్చుని చదవండి. నిలబడితే పడతారు. వాళ్ళు మీ వినయానికి చప్పట్లు కొట్టలేదు. ఎట్టకేలకు చెప్పారని కొట్టారు.

శనివారం మీకు ఉత్తరం రాశాక, కోపం పట్టలేక నాటకాలమ్మకి కూడా రాశాను, డాక్టరు ఆయన కాదు, నేను అని. భాష మార్చే పని కంప్యూటరే చేసింది. ఆవిడ గంటలో జవాబిచ్చింది: "తెలుసు తల్లీ, మొదటి ఏడాది నుంచీ తెలుసు." ఎలా అంటే, ఎవరో కాలునొప్పితో మిషన్ తొక్కలేకపోతున్నానంటే నేను చెప్పిన మందు మీరు యథాతథంగా ఎక్కించారట: "నేను రెండో కడుపుతో ఉన్నప్పుడు కాలు ఆడక చేత్తో చక్రం తిప్పి కుట్టాను." కింద మీ ఫొటో, మీసాలతో సహా! రెండువేలమందీ వారం రోజులు నవ్వారట. అప్పట్నుంచి ఆవిడెవరో ఎప్పటికి చెబుతాడా అని కాచుకుని కూర్చున్నారు. ఇద్దరూ రండి అని పిలిచింది నాకోసం. మీరొక్కరే దిగేసరికి, మిషన్లన్నీ మోసుకొచ్చి మీ గదిలో పడేసింది, ఊపిరాడక నిజం కక్కుతారని. అందులో సగానికి ఏ జబ్బూ లేదు. వంటనూనె చూసి మాత్రం ఆవిడకి నిజంగానే గుండె ఆగినంత పనయిందట.

బస్సాయన వాళ్ళమ్మ మిషన్‌కి కూడా ఏ జబ్బూ లేదు. మీరు రాసిన ఆ చప్పుడు, సన్నగా మూలిగి, తట్టుకోకుండా ఒకే వరసన పోయేది, బాగున్న మిషన్ చప్పుడు. మీరు అన్నం తింటున్నప్పుడూ, పేపరు చదువుతున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ ముప్పై ఏళ్ళు మనింట్లో మోగింది అదే. మీకు తెలియలేదు. దీనికి కోపం రావాలి నాకు. మొన్న వచ్చింది కూడా. ఈవేళ చూస్తే లేదు.

రేపు ఇంటికి రండి. ఏమీ అడక్కండి. నేను కుడతాను, మీరు కూర్చోండి.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. మీరు ఎప్పుడు చెబుతారని వాళ్ళు పందెం వేసుకున్నారు. ఒకరు బుధవారం అన్నారు, ఒకరు శుక్రవారం అన్నారు, బస్సాయన ఒక్కడే ఆదివారం వేదిక మీద అన్నాడు. శనివారం నన్నూ అడిగారు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకన్నా ఎవరికి తెలుసు అని, "చచ్చినా చెప్పడు" అని వేశాను. ఓడిపోయాను. ఓడిపోయినందుకు ఇంత ఆనందంగా ఉండటం నా జన్మలో ఇదే మొదలు. ఓడినవాళ్ళమంతా కలిసి బస్సాయనకి కోటు కుట్టిపెట్టాలి. చేతులు నా వంతు. రేపు బయల్దేరేముందు ఆయన కొలత తీసుకురండి. భుజం ఎముక దగ్గర మొదలుపెట్టి, మోచెయ్యి కాస్త మడిపించి, మణికట్టుదాకా. రెండుసార్లు కొలవండి. కుట్టేదెవరని ఎవరైనా అడిగితే, ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు.